దేవుడు వరమిచ్చాక పూజారి దగ్గర

(కాలిఫోర్నియా బే ఏరియాలోని ఒక గ్రంథాలయం మీటింగ్ హాల్లో, తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి. సరే.

నన్ను పిలిచినప్పుడు "భూకంపం వస్తే ఏం చెయ్యాలో చెప్పండి" అన్నారు. ఆ విషయం ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు నాకంటే బాగా చెప్తారండీ. నేను హెల్మెట్ పెట్టుకునే మనిషిని కాదు, ఎక్సెల్ షీటు తెరుచుకుని కూర్చునే మనిషిని. ఈ రాష్ట్రంలో ఒక కౌంటీలో ఎమర్జెన్సీ గ్రాంట్ల లెక్కలు చూడటం నా ఉద్యోగం. వాషింగ్టన్ నుంచి బయల్దేరిన డబ్బు కౌంటీ దాకా వచ్చి, అక్కడ్నించి మనం ఉండే ఊరికి ఎలా చేరుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, అదొక్కటే నాకు తెలిసిన విద్య. "ఆదివారం పూట జనాన్ని కూర్చోబెట్టి ఇదా చెప్పేది" అని మా ఆవిడ కూడా అంది. అయినా ఒప్పుకున్నాను. ఒక స్టిక్కర్ వల్ల.

మా పాప సాకర్ ప్రాక్టీసుకి వెళ్లే పార్కు వెనక సిటీ వాళ్ల షెడ్డు ఒకటుంది. దాని పక్కన రెండు చక్రాల ట్రెయిలర్ మీద ఒక జనరేటర్, పైన నీలం టార్పాలిన్. గాలికి టార్పాలిన్ కాస్త లేస్తే అడుగున ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. అరచేతిలో సగం ఉంటుంది, ఎండకి అక్షరాలు వెలిసిపోయాయి. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ నిధులతో కొన్నది అని దాని సారాంశం. పక్కనే నిలబడ్డ ఒక తెలుగాయన అది చదివి, "ఏమండీ, ఇది సెంట్రల్ గవర్నమెంటుదా, మన సిటీదా?" అని అడిగాడు. సిటీదేనండీ అన్నాను. "మరి ఆ పేరెందుకు?" అన్నాడు. దానికి జవాబు చెప్పేసరికి పిల్లల ప్రాక్టీసు అయిపోయింది, ఆయనకి మాత్రం సగమే అర్థమయింది. మిగతా సగం ఇవాళ చెప్తాను. ఆయన కూడా వచ్చినట్టున్నాడు, అదిగో మూడో వరసలో నవ్వుతున్నాడు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మనందరం కౌంటీ అనగానే జిల్లా అనుకుంటాం. నేనూ వచ్చిన కొత్తలో అలాగే అనుకున్నాను. మన దగ్గర 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకి కలెక్టరే అధ్యక్షుడు. వరదొస్తే మున్సిపల్ కమిషనర్‌ని పిలిచి "ఇది చెయ్యి" అనగలడు. ఇక్కడ కౌంటీ సిటీకి పై అధికారి కాదు. సిటీకి దాని కౌన్సిల్, దాని మేనేజరు, దాని పోలీసు, దాని బడ్జెట్టు ఉంటాయి. కౌంటీకి ఎన్నికైన ఐదుగురు సూపర్‌వైజర్లుంటారు. సిటీలో ఎమర్జెన్సీ ప్రకటించాలా వద్దా అన్నది సిటీ సొంతంగా తేల్చుకుంటుంది. ఇద్దరూ పక్కపక్క ఇళ్లవాళ్లలాంటి వాళ్లు, కాకపోతే రాష్ట్రం ఇచ్చే డబ్బు మాత్రం ఒకే ఇంటి చిరునామాకి వస్తుంది. తగువంతా అక్కడే మొదలవుతుంది.

నేను ముఖ్యంగా మాట్లాడబోయే గ్రాంటుకి ఇంగ్లీషులో పొడుగు పేరుంది, ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ పెర్ఫార్మెన్స్ గ్రాంట్. మేము 'ఎంపీజీ' అంటాం, అక్షరాలు వేరు వేరుగా పలికే ఓపిక ఎవరికీ లేక. కేంద్ర ప్రభుత్వపు విపత్తుల సంస్థ ఫెమా ఇస్తుంది. సైరన్లూ బోట్లూ కొనడానికి ఇచ్చే గ్రాంట్లు చాలా ఉన్నాయి గానీ, మనుషుల జీతాలకి ఇచ్చేవి తక్కువ. ఇది జీతాలకి కూడా పనికొస్తుంది. అందుకే చిన్న ఊళ్లలో ఎమర్జెన్సీ మేనేజర్ అనే ఉద్యోగం ఉందంటే చాలాచోట్ల దాని వెనక ఈ డబ్బో, దీంట్లో ముక్కో ఉంటుంది.

దీని వేళ్లు పాతవి. అణుబాంబు భయం రోజుల్లో, 1950లో, ఫెడరల్ సివిల్ డిఫెన్స్ చట్టం చేశారు. మొదట్లో ప్రజల రక్షణ భారం రాష్ట్రాలదీ, ఊళ్లదీ అన్నారు. 1958లో చట్టాన్ని సవరించి, ఇది కేంద్రమూ రాష్ట్రాలూ ఉమ్మడిగా మొయ్యాల్సిన బరువని ఒప్పుకున్నారు. స్థానిక సిబ్బంది ఖర్చులో కేంద్రం వాటా అప్పట్నించి మొదలు. ఇవాళ్టికీ పద్ధతి అదే. వాళ్లు రూపాయి ఇస్తే మనం రూపాయి చూపించాలి. సగం సగం.

డబ్బు ఎంతో చెప్తే మీరు నవ్వుతారు. 2024 సంవత్సరానికి దేశం మొత్తానికి ఈ గ్రాంటు 31 కోట్ల 95 లక్షల డాలర్లు. అంతకు ముందు ఏడు 35 కోట్ల పైన ఉండేది, తగ్గింది. దేశ జనాభాతో భాగించండి. తలకి ఒక డాలర్ కూడా రాదు! బయట కాఫీ తాగితే ఇంతకు ఐదు రెట్లు అవుతుంది. అందులో ప్రతి రాష్ట్రానికీ ముందు 0.75 శాతం సమానంగా ఇచ్చి, మిగిలింది జనాభా ప్రకారం పంచుతారు. ఇది గుర్తుపెట్టుకోండి. 'ముందు సమానంగా కొంత, తర్వాత జనాభా ప్రకారం' అనే ఈ సూత్రం మళ్లీ మన కౌంటీ టేబుల్ దగ్గర ప్రత్యక్షమవుతుంది.

కాలిఫోర్నియాలో ఈ డబ్బు శాక్రమెంటోలో ఉన్న కాల్ ఓఈఎస్‌కి వస్తుంది. అంటే గవర్నర్ ఎమర్జెన్సీ సర్వీసుల ఆఫీసు. అక్కడ్నించి సిటీలకి నేరుగా రాదు, 58 కౌంటీలకి వస్తుంది. కౌంటీనీ దాని సరిహద్దులో ఉన్న సిటీలనీ, నీళ్లలాంటి ఒక్కో పని చూసుకునే ప్రత్యేక డిస్ట్రిక్టులనీ కలిపి 'ఆపరేషనల్ ఏరియా' అంటారు. కౌంటీ దానికి పెద్దదిక్కు అన్నమాట. ఈ ఏర్పాటు ఊరికే రాలేదు.

1991 అక్టోబర్ 20, ఆదివారం. ఓక్లాండ్ కొండల మీద మంట లేచింది. 25 మంది చనిపోయారు, 3 వేలకు పైగా ఇళ్లు కాలిపోయాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫైరింజన్లు పరుగెత్తుకొచ్చాయి. వచ్చినవాళ్లు గొట్టం తీసి వీధిలో ఉండే నీటి కుళాయికి, అదే హైడ్రంట్‌కి, బిగించబోతే బిగుసుకోలేదు. మిగతా ఊళ్లన్నీ రెండున్నర అంగుళాల కప్లింగ్ వాడుతుంటే, ఓక్లాండ్ హైడ్రంట్లకి మూడంగుళాలది ఉంది. ఎదురుగా ఇల్లు తగలబడుతోంది, చేతిలో గొట్టం ఉంది, గొట్టానికీ నీళ్లకీ మధ్య అర అంగుళం తేడా. ఎడాప్టర్లు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. రేడియోల్లో ఒకరి మాట ఒకరికి అందలేదు.

ఆ మంట తర్వాత, ఆ ప్రాంతపు రాష్ట్ర సెనేటర్ నికొలస్ పెట్రిస్ తెచ్చిన చట్టంతో ఈ రాష్ట్రంలో విపత్తు వస్తే అందరూ ఒకే తీరుగా పనిచెయ్యాలనే సెమ్స్ పద్ధతి వచ్చింది. సంఘటన జరిగిన చోటు, స్థానిక ప్రభుత్వం, ఆపరేషనల్ ఏరియా, రీజియన్, రాష్ట్రం, ఇలా ఐదు మెట్లు. ఎవరికి ఏం కావాలన్నా పై మెట్టుని అడగాలి. దీన్ని అందరూ పాటించేలా ఎలా చేశారంటారు? జైలు శిక్షలేం పెట్టలేదు. సెమ్స్ వాడని ఊరికి విపత్తులో సిబ్బంది మీద అయిన ఖర్చు రాష్ట్రం నుంచి తిరిగి రాదన్నారు. అంతే, అందరూ దారికొచ్చారు. గ్రాంట్లు చూసేవాణ్ణి కాబట్టి ఈ ముక్క నాకు మరీ ఇష్టం.

ఇప్పుడు ఆ టేబుల్ దగ్గరికి వద్దాం. ఏడాదికోసారి కౌంటీ ఎమర్జెన్సీ ఆఫీసులో ఒక పెద్ద గదిలో సిటీల ప్రతినిధులు కూర్చుంటారు. కాఫీ, బేగెల్స్ ఉంటాయి. అవి మాత్రం గ్రాంటు డబ్బుతో కొనలేదు, కంగారుపడకండి. తెర మీద ఒక షీటు. అంకెలు తేలికగా ఉండేలా ఒక ఊహా కౌంటీ తీసుకుందాం. కౌంటీకి 6 లక్షల డాలర్లు వచ్చిందనుకోండి. సగం కౌంటీ తన సిబ్బందికి ఉంచుకుంది. మిగిలిన 3 లక్షలు 15 సిటీలకి పంచాలి. ఆ సిటీల మొత్తం జనాభా 18 లక్షలు. అందులో 10 లక్షలు ఒక్క పెద్ద సిటీలోనే ఉన్నారు. చిట్టచివర 30 వేల మంది ఉన్న ఒక చిన్న ఊరు ఉంది.

అచ్చంగా జనాభా ప్రకారం పంచితే పెద్ద సిటీకి లక్షా 66 వేల చిల్లర, చిన్న ఊరికి 5 వేలు. "అలా కాదు, ముందు తలా 5 వేలు సమానంగా ఇచ్చి మిగతాది జనాభా ప్రకారం పంచుదాం" అంటారు చిన్న ఊళ్లవాళ్లు. అప్పుడు చిన్న ఊరికి 8,750. పెద్ద సిటీకి లక్షా 30 వేలు. చిన్న ఊరికి పెరిగింది 3,750, పెద్ద సిటీకి తగ్గింది 36 వేల పైన. ఈ మాట వచ్చినప్పుడు పెద్ద సిటీ ప్రతినిధి కుర్చీ కాస్త వెనక్కి జరుపుతాడు చూడండి, ఆ చప్పుడు నాకు బాగా గుర్తు. ఆయన వాదనా తప్పు కాదు. పేదవాళ్లూ, అద్దె ఇళ్లవాళ్లూ, ఇంగ్లీషు రానివాళ్లూ ఎక్కువ ఉండేది ఆయన ఊళ్లోనే. కొండ మీద ముప్పై వేల మంది ఉండే ఊళ్లో ఇంటికో సోలార్ బ్యాటరీ ఉంటుంది. కానీ అక్కడ కొండ దిగడానికి ఒకటే రోడ్డు. ఎవరి వైపు తూచాలో ఏ ఫార్ములా చెప్పదు. వాషింగ్టన్‌లో ఎంత గొప్ప చర్చ జరిగినా మన ఊరికి ఎంత వస్తుందన్నది తేలేది ఈ బేగెల్స్ గదిలోనే.

ఇంకో తేడా చెప్పాలి. తీవ్రవాద నిరోధానికని ఇచ్చే హోంల్యాండ్ గ్రాంటు ఒకటుంది. అందులో 80 శాతం స్థానిక సంస్థలకి పంపాలి, అదీ 45 రోజుల్లో ఖాయం చెయ్యాలి అని రాష్ట్రం మెడ మీద కత్తి ఉంటుంది. ఎంపీజీకి అలాంటి నిబంధన లేదు. రాష్ట్రం దయ, ఆ తర్వాత కౌంటీ దయ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడు అంటాం కదా. నేను ఆ పూజారి ఆఫీసులో పనిచేస్తున్నాను కాబట్టి పూజారి తరఫున కూడా రెండు మాటలు వినండి.

జనం ఏమనుకుంటారంటే, కౌంటీది అత్త సొమ్ము అల్లుడు దానం, ఇచ్చేస్తే పోలా అని. ఇక్కడ మెలిక ఏమిటంటే, దానం పుచ్చుకున్నవాడు తప్పుగా ఖర్చు పెడితే అత్తగారు అల్లుడి చొక్కా పట్టుకుంటుంది. ఫెడరల్ గ్రాంట్లకి 'యూనిఫామ్ గైడెన్స్' అని ఒక నిబంధనల పుస్తకం ఉంది. దాని ప్రకారం డబ్బు చేతులు మార్చే సంస్థకి బోలెడు బాధ్యతలు. ఇచ్చే ముందు ఆ సిటీకి లెక్కలు చూసుకునే సత్తా ఉందా అని అంచనా వెయ్యాలి. ఒప్పందంలో గ్రాంటు నంబరు దగ్గర్నించి అన్నీ రాయాలి. మధ్యలో వెళ్లి చూడాలి. సిటీ ఏడాదికి ఫెడరల్ డబ్బు 10 లక్షల డాలర్లు దాటి ఖర్చు పెడితే ప్రత్యేక ఆడిట్ జరిగిందో లేదో కనుక్కోవాలి. ఇదివరకు ఆ గీత ఏడున్నర లక్షల దగ్గర ఉండేది, ఈమధ్య పెంచారు. సిటీ పెట్టిన ఒక బిల్లు చెల్లదని తేలితే రాష్ట్రం ఉత్తరం రాసేది సిటీకి కాదు, నాకు. అందుకే నేను అడిగే కాగితాలు చూసి సిటీల వాళ్లు నన్ను వెనకాల ఏమని పిలుస్తారో నాకు తెలుసు. ఇక్కడ పిల్లలున్నారు, వద్దులెండి.

ఇక పూజారి ఇంట్లో కూడా తంతులున్నాయి. అనుకోకుండా వచ్చిన డబ్బుని కౌంటీ బడ్జెట్‌లో చేర్చాలంటే ఐదుగురు సూపర్‌వైజర్లలో నలుగురు ఒప్పుకోవాలి. ఒకరికి జ్వరం, ఇంకొకరు ఊళ్లో లేరు అంటే ఆ అంశం తర్వాతి మీటింగుకి పోతుంది. అక్కడ అయ్యాక ఒప్పందం సిటీకి వెళ్తుంది. సిటీ అటార్నీ చదువుతాడు, ఒక వాక్యం మార్చమంటాడు. మా అటార్నీ కుదరదంటాడు. రెండు వారాలు. తర్వాత సిటీ కౌన్సిల్. ఈలోగా గడియారం తిరుగుతూనే ఉంటుంది. 2024 గ్రాంటు కాలం 2023 అక్టోబర్ 1నే మొదలైంది. దరఖాస్తులు పిలిచింది ఆ తర్వాత ఏప్రిల్‌లో. అంటే పెళ్లి ముందు అయిపోయింది, శుభలేఖ తర్వాత వచ్చింది.

ఇదంతా అయ్యాక కూడా సిటీకి చెక్కు రాదు. ఇది చాలామందికి తెలియదు. చాలావరకు రీయింబర్స్‌మెంటే. సిటీ ముందు తన డబ్బు ఖర్చు పెట్టాలి. బిల్లులు, పే స్టబ్బులు, టైమ్‌షీట్లు మాకు పంపాలి. మేము సరిచూసి రాష్ట్రానికి పంపాలి. డబ్బు వెనక్కి రావడానికి నెలలు పడుతుంది. పెద్ద సిటీకి ఫర్వాలేదు. చిన్న ఊరి ఫైనాన్స్ ఆవిడ మాత్రం నాకు ఫోన్ చేసి "మా ఎనిమిది వేలు ఎక్కడున్నాయి" అని అడుగుతూనే ఉంటుంది. ఒకసారి వెతికితే ఆ ఫైల్ ఆగింది ఒక టైమ్‌షీట్ మీద. ఉద్యోగి సంతకం ఉంది, ఆయన పై అధికారి సంతకం లేదు. ఆ పై అధికారి రిటైరై వేరే రాష్ట్రానికి వెళ్లిపోయాడు!

ఇంకో ఊరి సంగతి. పేరు చెప్పను. రేడియో యాంటెన్నా కొన్నారు, మూడు కొటేషన్లు తీసుకున్నారు, లెక్కలో పైసా తేడా లేదు, అంతా బావుంది. సిటీ హాలు పాత భవనం. గోడకి నాలుగు చిల్లులు పెట్టి బిగించేశారు. ఫెడరల్ డబ్బుతో గోడకి చిల్లు పెట్టాలన్నా, నేల తవ్వాలన్నా ముందే పర్యావరణ, చారిత్రక కట్టడాల పరిశీలన జరగాలి, ఫెమా సరే అనాలి. వాళ్లు బిగించాక ఫోటో తీసి నాకు గర్వంగా పంపారు. ఫోటో మీద తేదీ ఉంది. నేనేం చెయ్యను? ఆ ఖర్చు గ్రాంటులోంచి కొట్టేయాల్సి వచ్చింది. యాంటెన్నా ఇప్పటికీ పనిచేస్తోంది, సిటీ తన జేబులోంచి కట్టుకుంది. ఆ ఊరి అధికారి నాతో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే తప్పులో నాకూ వాటా ఉంది. ఆ నిబంధన ఒప్పందంలో ఎక్కడో వెనక పేజీల్లో పెట్టి పంపాను, ఫోన్ చేసి చెప్పలేదు. ఇప్పుడు మొదటి పేజీ మీదే పెద్ద అక్షరాల్లో పెడుతున్నాను, 'చిల్లు పెట్టే ముందు అడగండి' అని.

ఇప్పుడు మీకు సంబంధించిన మాట. ఇక్కడ సెర్ట్ ట్రైనింగ్ అయినవాళ్లు ఎంతమంది? అబ్బో, చాలామందే ఉన్నారు. 1985లో లాస్ ఏంజిలిస్ ఫైర్ డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టిన కార్యక్రమం అది. మామూలు జనానికి మంటలార్పడం, ప్రథమ చికిత్స, కూలిన ఇంట్లో మనుషుల్ని వెతకడం నేర్పిస్తారు. ఆకుపచ్చ హెల్మెట్టు, ఆకుపచ్చ వెస్టు. నేను మొదట్లో సగం సగం అన్నాను గుర్తుందా? సిటీ తన సగం నగదుగానే పెట్టక్కర్లేదు. గ్రాంటు పనికి అవసరమైన వాలంటీర్ల గంటలకి కూడా విలువ కట్టి వాటాగా చూపించొచ్చు. అదే పని జీతానికి చేసేవాళ్లకి గంటకి ఎంత ఇస్తారో ఆ లెక్కన. అంటే మీరు శనివారం డ్రిల్లుకి వెళ్లి సంతకం పెట్టే ఆ సైన్-ఇన్ షీటు డబ్బుతో సమానం.

ఆ షీట్లు నా టేబుల్ మీదకి వస్తాయి కాబట్టి చెప్తున్నాను. వచ్చిన టైమ్ అందరూ రాస్తారు. వెళ్లిన టైమ్ గడి మాత్రం ఖాళీ! మనవాళ్లు మరీను. సమోసా చేతిలో పెట్టుకుని, పిల్లల్ని కరాటే క్లాసుకి దింపాలని పరుగు. వెళ్లిన టైమ్ లేకపోతే ఆ గంటలు లెక్కలోకి రావు. ఒకసారి ఒక ఊరి షీటులో నలభై సంతకాలుంటే వెళ్లిన టైమ్ రాసింది పదకొండు మంది. మిగతావాళ్ల శనివారం అంతా గాలికి పోయింది, లెక్క పరంగా. సిటీ ఆ మేరకి సొంత నగదు చూపించుకోవాల్సి వచ్చింది.

నేను ఈ ఉద్యోగంలో ఇన్నాళ్లు ఉండి ఏర్పరచుకున్న అభిప్రాయం ఒకటుంది. మా ఆఫీసు అభిప్రాయం కాదు, నాది. చిన్న ఊళ్లకి ఈ డబ్బు ముక్కలు చేసి పంచడం దండగ. ఆ 30 వేల జనాభా ఊరినే మళ్లీ తీసుకోండి. 8,750 డాలర్లు. దానికి సమానంగా ఇంకో 8,750 చూపించాలి. కౌన్సిల్ తీర్మానం, ఒప్పందం, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, మూడు నెలలకో రిపోర్టు, అయిపోయాక ఫైళ్లు మూడేళ్లు దాచడం. ఈ గుమాస్తా పనికి గ్రాంటులోంచి 5 శాతం దాకా తీసుకోవచ్చు. 8,750లో 5 శాతం ఎంత? 437 డాలర్ల 50 సెంట్లు. ఈ ఏరియాలో ఒక ఉద్యోగిని ఆ డబ్బుతో ఒక్క రోజు కూర్చోబెడితే ఎక్కువ. మిగతా రోజులన్నీ చేతి చమురే.

దానికి బదులు ఐదారు చిన్న ఊళ్లు తమ వాటాలు కలిపి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. లేదా కౌంటీయే డబ్బు ఇవ్వకుండా మనిషిని ఇవ్వొచ్చు. వారానికి ఒక రోజు ఈ ఊళ్లో, ఒక రోజు ఆ ఊళ్లో కూర్చునే మనిషి. లాస్ ఏంజిలిస్ కౌంటీలో 88 సిటీలున్నాయి. వాటిని ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది విపత్తు ఏరియాలుగా విడదీసి, ఏరియాకో కోఆర్డినేటర్ ఉండే పద్ధతి అక్కడ ఎప్పట్నించో ఉంది. అలా ఉంటే కాగితం ఒకటే, సంతకం ఒకటే, రిపోర్టు ఒకటే.

ఇది నేను ఆ బేగెల్స్ గదిలో ఒకసారి ప్రతిపాదించాను. ఒక చిన్న ఊరి మేనేజరు, పెద్దావిడ, చాలా మర్యాదగా నన్ను కోసి కారం పెట్టింది. "మా ఊరి వాగు ఎక్కడ పొంగుతుందో మీ మనిషికి తెలుసా? మా వృద్ధాశ్రమంలో ఆక్సిజన్ మీద ఎంతమంది ఉన్నారో తెలుసా? వాన పడేది మీ మనిషి పక్క ఊళ్లో ఉన్న రోజే" అంది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

ఆవిడ మాటలో ఎంత నిజముందో శాన్ హోజే చూసింది. 2017 ఫిబ్రవరి. వానలకి ఆండర్సన్ రిజర్వాయర్ నిండి పొర్లింది. నీళ్లు కయోటీ క్రీక్‌లోకి దిగాయి. 21వ తేదీన రాక్ స్ప్రింగ్స్ అనే వాడలోకి నీళ్లొచ్చాయి. చాలామందికి విషయం తెలిసింది ఫైర్ వాళ్లు పడవ వేసుకుని గుమ్మం ముందుకి వచ్చాకే. మొత్తం 14 వేల మందిని ఖాళీ చేయించారు. ఆ వాడలో వియత్నామీస్, స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. హెచ్చరికలు సమయానికి రాలేదు, వచ్చినవి వాళ్ల భాషలో లేవు. రిజర్వాయర్ చూసేది నీళ్ల డిస్ట్రిక్టు. ఫోన్లకి అలర్టు పంపే అలర్ట్ ఎస్‌సీసీ వ్యవస్థ కౌంటీది. ఖాళీ చెయ్యమని చెప్పాల్సింది సిటీ. మూడు ఇళ్లు, మూడు తాళాలు. అది పది లక్షల జనాభా ఉన్న సిటీ, సిబ్బంది లేని చిన్న ఊరు కాదు. మేయరు బహిరంగంగా తప్పు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత సిటీ, నీళ్ల డిస్ట్రిక్టు కూర్చుని వరదకి ఉమ్మడి ప్రణాళిక రాసుకున్నాయి. ఏ మట్టానికి నీళ్లు వస్తే ఎవరు ఏం చెయ్యాలో అందులో ఉంటుంది.

అలాంటి ప్రణాళిక రాసే మనిషి జీతం, ఆ ప్రణాళికని పరీక్షించే డ్రిల్లు ఖర్చు, ఈ ఎంపీజీ డబ్బు సరిగ్గా వాటికోసమే. అందుకని నా అభిప్రాయాన్ని కాస్త సవరించుకున్నాను. కాగితం పనంతా కౌంటీ నెత్తినేసుకోవాలి. మనిషి మాత్రం ఆ ఊరి మనిషే ఉండాలి, సగం రోజైనా సరే. ఆ పెద్దావిడకి ఈ మాట చెప్పాను. "ఇప్పుడు దారికొచ్చావు" అంది. దాన్ని నిబంధనల్లో ఎలా ఇరికించాలో మా అటార్నీతో ఇంకా తేలలేదు.

ప్రశ్నలుంటే అడగండి. అవునండీ, చెప్పండి.

"సిటీ ఇప్పటికే ఉన్న ఉద్యోగి జీతాన్ని దీంట్లోంచి ఇచ్చి, మిగిలిన డబ్బుతో పార్కు బాగు చేసుకోవచ్చా?"

కుదరదండీ. బడ్జెట్‌లో ఉన్న డబ్బు తీసేసి ఆ స్థానంలో ఫెడరల్ డబ్బు పెట్టకూడదు. ఉన్నదానికి అదనంగా ఉండాలి. మీలాగే ఒక కౌన్సిల్ సభ్యుడు కూడా అడిగారు, మైకులోనే. పక్కన కూర్చున్న సిటీ మేనేజరు ముఖం చూడాల్సింది.

"ఆంధ్రాలో తెలంగాణలో ఎలా ఉంటుంది?"

అక్కడ రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో కేంద్రం 75, రాష్ట్రం 25 వేస్తాయి. జిల్లాలో ఖర్చు కలెక్టర్ చేతుల మీదుగా నడుస్తుంది. దాని తంటాలు దానికున్నాయి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు మనందరం ఇక్కణ్నుంచి రాత్రంతా ఫోన్లు చేస్తూ కూర్చున్నాం. ఆ సంగతి మాట్లాడాలంటే ఇంకో ఆదివారం కావాలి.

"మా ఊరికి ఎంత వచ్చిందో మేము ఎలా తెలుసుకోవాలి?"

సిటీ కౌన్సిల్ అజెండా మీటింగుకి 72 గంటల ముందు బయటపెట్టాలని చట్టం. అందులో 'కన్సెంట్ క్యాలెండర్' అని ఉంటుంది. చర్చ లేకుండా పది అంశాలు ఒకే ఓటుతో పాసైపోతాయి. గ్రాంటు ఒప్పందాలు సాధారణంగా అక్కడే నక్కి ఉంటాయి. మీరు వెళ్లి దాని మీద మాట్లాడొచ్చు, రెండు మూడు నిమిషాలిస్తారు. "ఈ డబ్బుతో ఏం చేస్తున్నారు, హెచ్చరికలు ఏ ఏ భాషల్లో పంపుతారు" అని అడగండి. నాకు తెలిసి ఆ అంశం మీద మాట్లాడటానికి ఎవరూ రారు. మీరు వెళ్తే కౌన్సిల్ వాళ్లు ఉలిక్కిపడి ఫైలు తిరగేస్తారు.

మూడో వరసలో మా పార్కు స్నేహితుడు. అడగండి.

"ఆ జనరేటర్ పాతబడితే సిటీ అమ్ముకోవచ్చా?"

అదీ ప్రశ్న! సిటీ పేరు మీదే ఉంటుంది, సిటీయే వాడుకోవాలి, సిటీయే మరమ్మతు చేయించాలి. అమ్మే రోజు దాని విలువ నిబంధనల్లో పెట్టిన మొత్తాన్ని దాటితే మాత్రం ముందు మాకు ఉత్తరం రాయాలి. మేము రాష్ట్రానికి, వాళ్లు పైకి. అందులో ఫెడరల్ వాటా ఎంతో తేలాలి. అందుకే ఆ స్టిక్కర్. రెండేళ్లకోసారి ఎవరో ఒకరు వెళ్లి అది అక్కడే ఉందా, స్టార్ట్ అవుతోందా అని చూసి రాసుకోవాలి కూడా. పోయినసారి మేము వెళ్లినప్పుడు బండి ఉంది, డీజిల్ ఉంది, స్టిక్కర్ ఉంది. తాళం చెవి మాత్రం ఎవరి దగ్గరుందో గంటన్నర దాకా తెలియలేదు. పార్కుల శాఖలో ఒకాయన డెస్కు సొరుగులో దొరికింది. ఆ రోజు ఆయన సెలవు.

మూడింటికి ఈ హాలు ఖాళీ చెయ్యాలట. కుర్చీలు మడిచి గోడ పక్కన పెట్టేద్దాం, రండి.